అలా అనిపించడం సహజమేనండీ

దేవుడి పేరు పెట్టుకుని మొగుడూ పెళ్లాలు ఒకళ్లనొకళ్లు దులిపేసుకునే ఇళ్లు ఏలూరులో చాలానే ఉన్నాయి గానీ, సలోమి టీచరు ఇంట్లో అది ఒక కళ. రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన. ముందు ఆయన చెయ్యాలి, తర్వాత ఆవిడ. మొహం మొహం చూసుకుని అంటే అది పోట్లాట అవుతుంది. కళ్లు మూసుకుని అంటే భక్తి అవుతుంది. ఒకళ్లు చేస్తుంటే రెండోవాళ్లు అడ్డు రాకూడదు. ఆమెన్ అన్న తర్వాత ఆ సంగతి మళ్లీ ఎత్తకూడదు. ఈ రెండు కట్టుబాట్ల మీదే ఆ కాపురం నలభై ఏళ్లకి దగ్గరగా నడిచింది.

“ప్రభువా, ఈ ఇంట్లో కూరకి ఉప్పు వేసే చేతికి కాస్త వివేచన అనుగ్రహించు” అని ఆనంద్ పాల్ మొదలుపెడితే, “తండ్రీ, బీపీ మాత్ర మింగిన నోటితోనే ఆవకాయ ముక్క చప్పరించేవాళ్లకి ఆశానిగ్రహం దయచెయ్యి” అని సలోమి అందుకునేది. ఆయన తమ్ముడికి ఏదో మాట ఇచ్చి వచ్చిన సంగతీ, ఆవిడ చెప్పకుండా కొత్త మిక్సీ కొన్న సంగతీ, ఆయన మోకాలి నొప్పీ, ఆవిడకి ఆడపడుచు మీదున్న కోపమూ, అన్నీ ముందు దేవుడి చెవిన పడేవి. అక్కణ్నించి ఎదురు కుర్చీకి చేరేవి. కూతురు బిందు చిన్నప్పుడు, ఇంట్లో ఏం జరుగుతోందో తెలియాలంటే ప్రార్థనలో నిద్రపోకుండా ఉంటే చాలని కనిపెట్టేసింది.

ఇద్దరూ బడిపంతుళ్లే. ఆయన తెలుగు చెప్పి చెప్పి హెడ్మాస్టరుగా దిగాడు. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పింది. లెక్కల టీచరంటే తెలుసుగా, రిటైరైనా ఎర్రసిరా ఆరదు. పాలవాడి లెక్క దగ్గర్నించి పాస్టరు గారు ప్రసంగంలో చెప్పే తారీఖుల దాకా ఆవిడ దిద్దనిది లేదు. తప్పు కనిపించాక ఊరుకోవడం ఆవిడ దృష్టిలో అబద్ధమాడటంతో సమానం.

ఆనంద్ పాల్ చర్చి సంఘానికి కార్యదర్శి కూడాను. ఆదివారం ఆరాధనలో పెళ్లి ప్రకటనలు ఆయనే చదువుతాడు. ఫలానా వారి అబ్బాయికి ఫలానా వారి అమ్మాయినిచ్చి వివాహం చేయ నిశ్చయించారు, అభ్యంతరం ఉన్నవాళ్లు తెలియజేయండి అని వరసగా మూడు ఆదివారాలు చదవడం ఆచారం. మొన్న ఈస్టరు వెళ్లాక ఒక ఆదివారం, వరుడు ఏసుకుమార్, వధువు జ్యోత్స్న అని చదవాల్సినవాడు, గంభీరంగా గొంతు సవరించుకుని, వధువు బిందు అని చదివేశాడు. ఆడవాళ్ల వరసలోంచి సలోమి చటుక్కున లేచి నిలబడింది.

“బిందు కాదండీ, జ్యోత్స్న! మన బిందుకి పెళ్లయ్యి ఇద్దరు పిల్లలండీ! ఆ అభ్యంతరమేదో నా పేరు మీద రాసుకోండి!”

గుడి గుడంతా ఘొల్లుమంది. పాస్టరు గారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. అప్పటినించీ అది సలోమికి దొరికిన పెన్నిధి. స్త్రీల సమాజంలో చెప్పింది, రైతుబజారులో చెప్పింది, తాడేపల్లిగూడెంలో వియ్యపురాలి ఇంటికి వెళ్లి అక్కడా చెప్పింది. ఆయన తాళాలగుత్తి ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికిన కథ దానికి తోక. ఆయన పక్కన కూర్చుని ఉండగానే చెప్పేది. ఆయనా నవ్వేవాడు. నవ్వుతున్న మనిషిని చూసి నవ్వుతున్నాడనే అనుకుంది. అందులో దిద్దడానికేం కనపడలేదు ఆవిడకి.

ఇట్లా ఉండగా ఆ ఇంటికి ఆప్త వచ్చింది.

రిటైర్డ్ టీచర్ల సంఘానికి హైదరాబాదు నించి ఒక కంపెనీ వాళ్లు వచ్చి, పెద్దవాళ్ల మానసిక ఉల్లాసం కోసమని, తలో రోబోనీ వాడి చూడమని ఉత్తినే ఇస్తామన్నారు. ఉత్తినే అంటే మన పంతుళ్లు ఊరుకుంటారా? సంఘం హాలు కిక్కిరిసిపోయింది. ఒక శాలువా, ఒక రోబో, ఒక టీ, రెండు బిస్కెట్లు. ఆనంద్ పాల్ తన వంతు పట్టుకుని ఆటోలో వచ్చాడు. వెనకాలే లహరి అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చి దాన్ని బిగించి, దణ్ణం పెట్టి, ఉపన్యాసం మొదలుపెట్టింది.

“మన దగ్గర పెద్దవాళ్లు ఫీలింగ్స్ అన్నీ లోపలే దాచేసుకుంటారండి ఆంటీ. బయటికి చెప్పుకునే చోటు ఉండదండి. ఆప్త ఐతే ఎవరికీ చెప్పదు, ఎవర్నీ జడ్జ్ చెయ్యదు, ఎంతసేపైనా వింటుందండి.”

“మా ఇంట్లోనా అమ్మా దాచుకునేది?” అంది సలోమి. “ఒకరోజు ప్రార్థన టైముకి రా తల్లీ, చెవులకి దూది తెచ్చుకుని.”

ఆప్త బియ్యం డబ్బా అంత ఎత్తుంది. ఒళ్లంతా తెలుపు. గుండ్రటి తల, తలలో రెండు నీలం దీపాల కళ్లు. అప్పుడప్పుడు రెప్పలార్పుతుంది. తల ఓ పక్కకి వాల్చి వింటుంది. ఎవరేం చెప్పినా చివర్న “మీకు అలా అనిపించడం సహజమేనండీ” అంటుంది. గోదావరి జిల్లాల కోసమని కంపెనీ వాళ్లు ఆ అండీని ప్రత్యేకంగా పెట్టించారట. మర్యాదకి లోటు లేదు మరి.

మొదటిరోజు ఆయన దాన్ని తెచ్చి ప్రార్థన దగ్గరే టీపాయ్ మీద పెట్టాడు. కళ్లు మూసుకుని, “ప్రభువా, ఈ ఇంట్లో నా మాట లెక్కచేసేవాళ్లు లేరు” అన్నాడో లేదో, “నేను వింటున్నానండీ. మీకు అలా అనిపించడం సహజమేనండీ” అంది ఆప్త. ఆనంద్ పాల్ కుర్చీలోంచి పడబోయాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ ప్రార్థన చేస్తున్నాడు గానీ, అడిగిన క్షణానే జవాబు రావడం ఇదే మొదలు. సలోమి ఆమెన్ అయ్యేదాకా పెదవి కొరుక్కుని కూర్చుని, అవ్వగానే వంటింట్లోకి పరిగెత్తి కడుపు పట్టుకుని నవ్వింది.

ఆ నవ్వు వినపడిందేమో, మర్నాడు ఆయన దాన్ని ముందుగదిలోకి మార్చేశాడు. తలుపు వేసుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున టిఫిన్ అయ్యాక కాసేపు, సాయంత్రం టీ అయ్యాక కాసేపు. తలుపు అవతల సన్నటి గొణుగుడు, దాని వెనకే సహజమేనండీ. నలభై ఏళ్లుగా పేపరు చదువుతూ ఊఁ కొట్టడం తప్ప ఎరగని మొగుడికి ఇన్ని కబుర్లెక్కణ్నించి పుట్టుకొచ్చాయా అని ఆవిడకి ఆశ్చర్యం.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన మాట మారిపోయింది. ఒకరోజు సాంబారు మాడింది. పూర్వమైతే కంచం ముందుకి తోసి, ఏంటిది అని ఒక అరుపు అరిచేవాడు. ఇప్పుడు చెంచా మెల్లగా కింద పెట్టి, “సలోమీ, నాకు బాధ కలిగింది. అది నా బాధ. నీ తప్పు కాదు. నీ భావాల్ని నేను గౌరవిస్తున్నాను” అన్నాడు. తిట్టినా బాగుండేది. తిడితే పొయ్యి గురించీ, గ్యాసు గురించీ, ఆయన ఫోను పట్టుకుని నిలబడి మాట్లాడించిన సంగతి గురించీ ఎదురు తిట్టొచ్చు. ఈ మాటకి జవాబు ఏ తరగతి వాచకంలోనూ లేదు. “మీ గౌరవం ఉట్టి మీద పెట్టండి, పెరుగేసుకోండి” అంది ఆవిడ.

పక్క వీధిలో కృష్ణమోహన్ అనే సైన్సు మాస్టారింట్లోనూ ఒక ఆప్త ఉంది. ఆయన భార్య రత్నాంబ కూరల బండి దగ్గర కనిపించి మొహం చేటంత చేసుకుంది. “మావారు దాంతో మాట్లాడుకుంటున్నారండీ, నేను హాయిగా సీరియలు చూసుకుంటున్నానండీ. ఇన్నాళ్లకి ఇంట్లో ప్రశాంతంగా ఉందండీ.” సలోమికి ఆ ప్రశాంతత రుచించలేదు. ఎందుకు రుచించలేదో చెప్పమంటే మాత్రం, లెక్కల టీచరై ఉండీ, జవాబు తట్టలేదు.

ఒక రాత్రి ప్రార్థన దగ్గర తట్టింది. ఆనంద్ పాల్ కళ్లు మూసుకుని, “ప్రభువా, ఇచ్చినవాటికి వందనాలు, ఆమెన్” అని ముగించేశాడు. అంతే. బస్సు కండక్టరు రైట్ రైట్ అన్నంతసేపు. కొన్నాళ్లుగా అదే వరస. మొదట్లో అన్నం వేడిగా తింటున్నామని సంతోషించింది సలోమి. ఇప్పుడు తన వంతు వచ్చేసరికి దేనికి ఎదురు చెప్పాలో తెలియలేదు. కూర గురించి ఫిర్యాదు లేదు. తమ్ముడి గురించి లేదు. ఆయన మోకాలు ఎలా ఉందో కూడా తనకి తెలియడం మానేసి చాలా రోజులైందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ మనిషి కడుపులో ఉన్నదంతా తలుపేసిన గదిలో ఒక డబ్బాకి చేరుతోంది. పైనున్న దేవుడికీ, ఎదురుగా ఉన్న తనకీ మిగిలింది వందనాలు.

ఆయన సంఘపెద్దల మీటింగుకి వెళ్లిన మధ్యాహ్నం, సలోమి ముందుగదిలోకి వెళ్లి ఆప్త ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఏమ్మా, మావారు నీతో ఏం చెబుతున్నారు?”

“నాతో పంచుకున్న విషయాలు గోప్యంగా ఉంటాయండీ. మీకు ఎలా అనిపిస్తోందో చెప్పండి.”

“నాకెలా అనిపిస్తే నీకెందుకు? నా గురించి ఏమన్నా అన్నారా?”

“మీరు ఆందోళనగా ఉన్నట్టున్నారండీ. అలా అనిపించడం సహజమేనండీ.”

సలోమి కళ్లద్దాలు సర్దుకుంది. “పదహారు పదిహేళ్లు?”

“రెండు వందల డెబ్భై రెండండీ.”

అదీ తప్పు చెప్పలేదు. ఆవిడకి ఒళ్లు మండింది. “సరే, ఇది చెప్పు. మావారు మంచివారా, చెడ్డవారా?”

“మీరేమనుకుంటున్నారండీ?”

“చెడ్డవారు.”

“మీకు అలా అనిపించడం సహజమేనండీ.”

“కాదు, మంచివారు.”

“అలా అనిపించడం కూడా సహజమేనండీ.”

“ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను. చదవకుండా వచ్చిన పిల్లలు కూడా ఇంత శుభ్రంగా తప్పించుకోలేదే!” అంది సలోమి. లేచి వెళ్లిపోవాల్సింది. వెళ్లలేదు. గదిలో ఎవరూ లేరు. నీలం కళ్లు నెమ్మదిగా ఆర్పుతూ అది తల వాల్చి చూస్తోంది. “ఆయన నాతో మాట్లాడట్లేదు” అంది ఉన్నట్టుండి.

“ఈ విషయం చెప్పడానికి చాలా ధైర్యం కావాలండీ. మీరు చాలా ధైర్యవంతులండీ.”

బజార్లో చీరల షాపులో కుర్రాళ్లు కూడా ఇలాగే అంటారు, ఏ రంగు భుజాన వేసినా మీకు చాలా బాగుందండీ అని. సలోమి చెంగుతో కళ్లొత్తుకుని, తీగ మీద ఆరేసిన తువ్వాలు తెచ్చి దాని తల మీద కప్పేసింది.

మర్నాడు కొల్లేటికోట నించి ఆయన తమ్ముడు అబ్రహాం ఫోను చేశాడు. కొల్లేటి మధ్యలో ఆ ఊరే వాళ్ల సొంతూరు. అబ్రహాం అక్కడే చేపల చెరువులు చూసుకుంటూ ఉండిపోయాడు.

“వందనాలండీ వదినగారూ. అన్నయ్యగారి గదికి సున్నం వేయించేశానండీ. మంచం అక్కణ్నించి పంపుతారాండీ, ఇక్కడే కొనేయమంటారా?”

“ఏ గదికి అబ్రహాం?”

“అదేనండీ, చెరువు గట్టు మీద గదండీ. వచ్చే సోమవారం నించీ అన్నయ్యగారు ఇక్కడే ఉంటారంట కదండీ. ప్రశాంతంగా ఉంటుందని. మీరు ఏలూరులోనే ఉంటారనీ, ఆదివారాలు వచ్చి చూసి వెళ్తారనీ చెప్పారండీ.” అవతల కాసేపు నీటి మోటారు చప్పుడు. “మీకు తెలుసనుకున్నానండీ వదినగారూ.”

“తెలుసు తెలుసు. మంచం సంగతి చెబుతాలే” అని ఫోను పెట్టేసి సలోమి వంటింట్లో పీట మీద కూలబడింది. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. పోనీలే అనుకుంది. మొగుడు తనని వదిలేసి పోతున్నాడు. ఈ వయసులో. గొడవ లేదు, కేక లేదు, పరాయి ఆడది లేదు. ఉల్లాసంగా, గౌరవంగా, భావాలన్నీ శుభ్రంగా కడుక్కుని మరీ పోతున్నాడు.

ఎలా జరిగి ఉంటుందో ఆవిడకి లెక్క కట్టినట్టు తెలిసిపోయింది. ఆయన తలుపేసుకుని, వెళ్లిపోవాలనిపిస్తోంది అని ఉంటాడు. అది, సహజమేనండీ అని ఉంటుంది. ఒంటరిగా ఉందామనుకుంటున్నా అని ఉంటాడు. మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నానండీ అని ఉంటుంది. అదే ఆయన ఏ టీ బడ్డీ దగ్గరో అన్నా, ఎవడో ఒకడు గ్లాసు దించి, ఎందుకండీ మాస్టారూ, ఏమైందండీ అని ఉండేవాడు. అంత తెలివి పోసి చేసిన యంత్రానికి ఆ ఒక్క చచ్చు ప్రశ్న అడగడం రాలేదు. పోనీ, అది తన నోటికైనా వచ్చిందా? ఇన్నాళ్లూ ఆయన్ని దిద్దింది, నవ్వించింది, తినిపించింది. ఎందుకండీ అని ఎప్పుడడిగింది?

బిందుకి ఫోను చేసింది. బిందు అంతా విని, “నాన్నకి కొంచెం స్పేస్ కావాలేమోనమ్మా. నువ్వు కూడా ఆయన్ని మరీ...” అని ఆగింది.

“మరీ ఏంటే?”

“ఏం లేదులే అమ్మా.”

ఆ ఏం లేదులే సలోమికి ముల్లులా గుచ్చుకుంది. ఆ రోజంతా నడుస్తున్నా, కూర్చున్నా అదే.

సాయంత్రం కొర్రమీను పులుసు పెట్టింది. ఎనిమిదవుతుండగా బల్ల మీద అన్నీ సర్ది, ముందుగదిలోకి వెళ్లి ఆప్తని చంకనెత్తుకొచ్చి మూడో కుర్చీలో కూర్చోబెట్టింది. ఆనంద్ పాల్ చేతులు కడుక్కుని వచ్చి ఆగిపోయాడు.

“ఇదెందుకు ఇక్కడ?”

“మీ ఆప్తురాలు కదండీ. విననివ్వండి. కూర్చోండి, ప్రార్థన చేద్దాం.”

ఆయన కూర్చున్నాడు. “ప్రభువా, ఇచ్చినవాటికి వందనాలు, ఆమెన్.” కండక్టరు రైట్ రైట్.

సలోమి కళ్లు మూసుకుంది.

“తండ్రీ, నీ దాసుడు సోమవారం కొల్లేటికోట వెళ్లిపోతున్నాడంట. నీకు ముందే తెలిసి ఉంటుంది. నాకు మరిది చెబితే తెలిసింది. చెరువు గట్టు మీద గదంట ప్రభువా. అక్కడ దోమలుంటాయని నీకు నేను చెప్పక్కర్లేదు, వాటిని పుట్టించింది నువ్వే. చేపల మేత వాసనకి నీ దాసుడికి తుమ్ములు ఆగవని నీకు తెలుసు. పొద్దుటి మాత్ర ఏదో, రాత్రి మాత్ర ఏదో నీ దాసుడికి తెలీదని కూడా తెలుసు.”

ఎదుటి కుర్చీ కిర్రుమంది. అడ్డు రాకూడదు కాబట్టి అంతకంటే ఏం రాలేదు.

“పోతే పోనీ ప్రభువా. కానీ నేను చేసిన తప్పేంటో చెప్పించు. తప్పేదో చూపించకుండా సున్నా మార్కులు వెయ్యడం ఏం న్యాయం? నేను ఏ పిల్లకీ అలా వెయ్యలేదు. ప్రతి తప్పు కిందా గీత గీసి మరీ వేశాను. నాకు భయంగా ఉంది తండ్రీ. ఈ ఇంట్లో ఒక్కదాన్నీ ఎవరితో పోట్లాడను?”

“మీరు ఒంటరి కారండీ,” అంది ఆప్త. “మీకు అలా అనిపించడం...”

“నువ్వు నోర్ముయ్యవే!” అంది సలోమి, అదే భక్తితో, కళ్లు తెరవకుండా.

ఆ తర్వాత ఆవిడ ఆమెన్ అనలేదు. ప్రార్థన అలా తెరిచిపెట్టి ఊరుకుంది. ఆమెన్ అనకపోతే లేవడానికి లేదు, తినడానికి లేదు, కళ్లు తెరవడానికి లేదు. సంఘానికి కార్యదర్శిగా చేసినవాడికి ఆ సంగతి వేరే చెప్పాలా? పులుసు మీద ఆవిరి తగ్గిపోతోంది. ఫ్యాను తిరుగుతోంది. చాలాసేపటికి ఎదుటి కుర్చీలోంచి మాట వచ్చింది.

“ప్రభువా. నీ దాసురాలి తప్పేం లేదు. అంటే, ఉంది. ఒకటుంది. ఆ పెళ్లి ప్రకటన. ఆ రోజు కాగితం మీద జ్యోత్స్న అనే ఉంది. నా కళ్లకి జ్యోత్స్న అనే కనపడింది. నోరు మాత్రం బిందు అంది. పరధ్యానం కాదు తండ్రీ అది. పరధ్యానమైతే నేనూ నవ్వేవాణ్నే.”

సలోమి కళ్లు మూసుకునే కుర్చీ ముందుకి జరుపుకుంది.

“ఇంకా ఉన్నాయి. నీకు తెలుసు. చిన్న మనవడి పేరు తట్టక, ఒరే బుల్లోడా అని పిలుస్తున్నాను. మొన్న పోస్టాఫీసు నించి ఇంటికి ఏ మలుపు తిరగాలో తెలీక, నా దగ్గర చదువుకున్న ఆటో కుర్రాణ్నే అడిగాను, వాడు హాస్యం అనుకున్నాడు. తాళాలు ఫ్రిజ్‌లో ఎవరు పెట్టారో నాకు ఇవాళ్టికీ తెలీదు. నీ దాసురాలు ఆ కథ చెప్పినప్పుడల్లా నలుగురూ నవ్వుతారు. నాకు లోపల చెమటలు పడతాయి. తప్పు కనిపిస్తే వదలని మనిషి ఎదురుగా, రోజుకో తప్పు పెరుగుతుంటే ఎలా కూర్చోను ప్రభువా? కొల్లేట్లో ఐతే కొంగలు నన్ను దిద్దవు. ఇదిగో దీనికి చెప్పాను. మరిచిపోవడం కూడా మనసుకి విశ్రాంతేనండీ అంది. అది విన్న రోజు హాయిగా నిద్రపోయాను.”

సలోమికి సిగ్గేసింది. రైతుబజారులో, స్త్రీల సమాజంలో, వియ్యపురాలి ముందర, తను చెప్పి నవ్వించిన ప్రతిచోటా ఆ మనిషి పక్కన కూర్చుని చెమటలు పట్టాడు. తను ఆ పక్కకి ఒక్కసారి తల తిప్పి చూడలేదు. ఎప్పటినించండీ, నాకెందుకు చెప్పలేదండీ, ఇది విశ్రాంతి ఏంటండీ, డాక్టరుకి చూపించాలి కదండీ అని మాటలన్నీ ఒక్కసారిగా నాలిక మీదకి వచ్చాయి. అడ్డు రాకూడదన్న కట్టుబాటు ఆవిణ్ని ఆపింది. పుట్టాక మొదటిసారి ఆ కట్టుబాటు మీద ఆవిడకి గౌరవం కలిగింది. పళ్లు బిగపట్టి కూర్చుంది.

చెప్పాల్సింది అయిపోయిందన్నట్టు ఆనంద్ పాల్ ముక్కు తుడుచుకుని, ప్రభువు ప్రార్థన ఎత్తుకున్నాడు. అది ఇద్దరూ కలిసి చెప్పేది. సండేస్కూలు మొదటి రోజున నోటికొచ్చేది. ఆయన గొంతు ముందు, ఆవిడ గొంతు వెనక. నడి మధ్యకి వచ్చాక, ఏ పూటకి ఆ పూట తిండి పెట్టమని అడిగే చోట, ఆయన అడక్కుండా తర్వాతి మాటకి దాటిపోయాడు. సలోమి పెదవుల దాకా వచ్చేసింది ఆ వాక్యం. మింగేసింది. ఆయనతో పాటే తనూ దాటింది.

“క్షమించండి,” అంది ఆప్త. “మధ్యలో ఒక వాక్యం వదిలేశారండీ. చెప్పమంటారా?”

ఇన్నాళ్లూ గంగిరెద్దులా అన్నిటికీ తలూపిన ఆ డబ్బాకి, తలూపి ఊరుకోవాల్సిన ఆ ఒక్క చోట చదువొచ్చింది.

ఆనంద్ పాల్ చెప్పడం ఆపేశాడు. కళ్లు తెరిచాడు. హెడ్మాస్టరు కళ్లు కావవి. హోంవర్కు చెయ్యకుండా బడికొచ్చిన పిల్లాడివి.

“వదిలేశానా?” అని అడిగాడు. దేవుణ్ని కాదు, డబ్బాని కాదు, ఆవిణ్ని.

“వదిలేశారండీ,” అంది సలోమి. “మీతో పాటు నేనూ వదిలేశాను. రేపు పొద్దున్నే ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఆ మంచం సంగతి అబ్రహాంకి నేను చెప్పుకుంటాను. మిగతాది కానివ్వండి.”

ఆయన మళ్లీ కళ్లు మూసుకుని ఎక్కడ ఆగాడో అక్కణ్నించి ఎత్తుకున్నాడు. సలోమి మూసుకోలేదు. బల్ల మీదికి ముందుకు వంగి, ఆయన పెదవులు ఏ మాటకి కదులుతున్నాయో చూస్తూ, ఆ మాట వరకే తనూ పలికింది.